కనెక్టింగ్ దగ్గర ఆగిన పాట

పటాన్‌చెరులో యాదగిరి నడిపే ఇంటర్నెట్ సెంటర్. మూలనున్న కంప్యూటర్ తెర మీద పొద్దుటి నుంచి ఒకటే మాట: కనెక్టింగ్.

"ఇంకా రాలేదారా?" అంటూ అతని అక్క పుష్పమ్మ మళ్లీ వచ్చింది.

ఆమె కిరాయికిచ్చే గదిలోకి ఒడిశా జంట దిగింది. మొగుడు ఫ్యాక్టరీకి పోయాక, కడుపుతో ఉన్న సబిత్రి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఇక్కడి మాట తెలియదు, పుష్పమ్మ వండి పెట్టినా ముద్ద దిగదు. ఆదివారం రైలెక్కించి పంపేస్తానంటున్నాడు మొగుడు. వాళ్ల ఊళ్లవైపు నాట్ల పాటలంటే ఆమెకు ప్రాణమని చెప్పిందీ అతనే.

"నెలలు నిండే పిల్లను గంత దూరం తోలుతడంట. జల్దీ తియ్యి తమ్మీ."

ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్‌లో వెతికితే అలాంటి పాట ఒక్కడి దగ్గరే ఉంది. అతని పేరు కనిపిస్తోంది, పాట కనిపిస్తోంది, రావడమే లేదు. యాదగిరి ఫైర్‌వాల్ ఆపి చూశాడు. మోడెం ఆర్పి మళ్లీ వేశాడు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. చివరికి అవతలి మనిషికే హిందీలో మెసేజ్ పెట్టి అడిగాడు. అతనుండేది హాస్టల్‌లోనట, బయటి కనెక్షన్లు లోపలికి రానివ్వరట.

యాదగిరికి అప్పుడు వెలిగింది. తన సెంటర్‌కూ అంతే. బయటి నుంచి వచ్చేవాళ్లకు రెండు తలుపులూ మూసే ఉన్నాయి. ఒక్కటి తెరిచినా పాట వస్తుంది. ఇటువైపు తలుపు, అంటే పోర్టు, తెరవాల్సింది నెట్ ఇచ్చే కేబుల్ అంజయ్య. మొన్న నెట్ ఆగినప్పుడు నలుగురిలో అతణ్ని దొంగ అన్నాడు యాదగిరి. అప్పటి నుంచి మాటల్లేవు.

"వాని కాడికి నేను పోనక్కా."

"నీ పంతం నువ్వే ఉంచుకో. పిల్ల రైలెక్కి పోతది."

వెళ్లాడు. వైర్ల నడుమ కూర్చుని అంజయ్య చాయ్ తాగుతున్నాడు.

"ఏంది సేటూ, దొంగ ఇంటికొచ్చినవ్?"

"తప్పయింది అంజన్నా. జెర ఒక పోర్టు తెరువు."

"ఏం కొంపలంటుకున్నయని?"

చెప్పాడు. అంజయ్య చాయ్ పక్కన పెట్టి కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

"గిది ముందుగాల చెప్పొద్దా! నంబరేంది?"

యాదగిరి తిరిగొచ్చేసరికి పాట కొద్దికొద్దిగా దిగుతోంది. పూర్తయ్యాక పుష్పమ్మ సబిత్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. స్పీకర్లలో ఆడవాళ్ల గొంతులు లేచాయి. సబిత్రి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు జారింది, పెదవులు కదిలాయి. పాట ఆగగానే పుష్పమ్మ వైపు తిరిగి గడగడా ఏదో చెప్పింది. చేతులతో గిన్నె చూపించి, అందులో అన్నం వేసి, నీళ్లు పోసి, మూత పెట్టింది.

"సద్దన్నమా!" పుష్పమ్మ నోరెళ్లబెట్టింది. "నేను ఉడుకుడుకుగ వండి పెడుతుంటి గదనే! సద్దిదంత బర్రెకు పోస్తున్న!"

సబిత్రికి మాట అర్థం కాలేదు, మొహం అర్థమైంది. నవ్వేసింది.

"ఇంటికి పోదాం పా బిడ్డా, కుండల ఇంకా ఉన్నది," అని పుష్పమ్మ లేచింది. గుమ్మం దగ్గర తమ్ముడి వైపు తిరిగింది. "వాళ్లాయన అడిగితే చెప్పు, ఆయితారం రైలు లేదని."