బూజమ్మ సంతకం

మా బావగారికి కింది వరుసలో రెండు పళ్లు ఊడి పదేళ్లయింది. ఇంతవరకు పెట్టించుకోలేదు. "ఈ దీవిలో డాక్టర్లకి ఏం తెలుసమ్మాయ్? సెలవులకి మన వైపు వెళ్లినప్పుడు చూసుకుంటా" అంటారు. వెళ్లినప్పుడు తీరిక దొరకదు. వచ్చాక నమ్మకం కుదరదు. అలా పదేళ్లుగా ఒక వైపే నములుతున్నారు. మాట్లాడటానికి మాత్రం ఆ రెండు పళ్ల లోటు ఏ రోజూ అడ్డం రాలేదు.

నేను పళ్ల సెట్లు చేసే టెక్నీషియన్ని. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే మైనంలో పళ్లు పేర్చి, పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా ఆనుతున్నాయో చూసి, సెట్టు తయారు చేసి ఇచ్చే పని. పద్నాలుగేళ్లు చేశాను. ఎవరైనా నా ముందు నోరు తెరిస్తే ముందు పళ్లు చూస్తాను, మాట ఆ తర్వాత వింటాను. బావగారి విషయంలో ఈ అలవాటు నన్ను చాలా కాపాడింది.

ఆయన మా ఆయనకి సొంత అన్నగారు. ఇద్దరిదీ రేవులో ఒకే కంపెనీ. మా ఆయన క్రేన్లు బాగుచేసే ఇంజనీరు, బావగారు స్టోర్సు చూస్తారు. తమ్ముణ్ణి ఈ దీవికి రప్పించింది తానేనని రోజుకి ఒకసారైనా గుర్తుచేయకపోతే ఆయనకి అన్నం అరగదు. పదకొండేళ్ల కాపురంలో ఇక్కడి భాషలో నాలుగు మాటలు నేర్చుకున్నారు: ఎంత, ఎక్కువ, తగ్గించు, వద్దు. ఆ నాలుగు మాటల పెట్టుబడితోనే ఇక్కడివాళ్ల గుణగణాల మీద ప్రతి ఆదివారం రెండు గంటలు ఉపన్యాసం ఇస్తారు. చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు, ఎనిమిది కుటుంబాలు, ఆయన హాల్లో కూర్చుని తలకాయలు ఊపుతారు. మా తోటికోడలు పళ్లేలతో తిరుగుతూ, ఆయన ఎక్కడ నవ్వమంటే అక్కడ నవ్వుతుంది.

మేం దిగిన రోజునే ఆయన మా ఇల్లు సర్దే పని నెత్తిన వేసుకున్నారు. నాలుగో అంతస్తు, రెండు గదులు, ఒక గోడ పూర్తిగా సముద్రం వైపు. కొత్త సోఫా ప్లాస్టిక్ తొడుగుతో వచ్చింది. నేను కత్తెర తీశాను. ఆయన నా చేతిని పాము కాటు నుంచి తప్పించినట్టు పక్కకి లాగేశారు.

"అదేంటమ్మాయ్! తొడుగు తీశావంటే పాతదైపోయినట్టే. రేపు ఇక్కణ్ణుంచి పోయేటప్పుడు అమ్ముకోవద్దూ?"

దిగి నాలుగు గంటలు కాలేదు, పోయేటప్పటి మాట. ఆయన ఇంట్లో ఫ్రిజ్ పిడికి, రిమోటుకి, చివరికి గోడ గడియారానికి కూడా ఇప్పటికీ తొడుగులే. పదకొండేళ్లుగా వస్తువులన్నీ రేపో మాపో బయల్దేరేలా మూటగట్టుకుని ఉన్నాయి. మనుషులు మాత్రం కదలరు.

నా డిప్లొమాకి ఆయన ప్రత్యేక మర్యాద చేశారు. దాన్ని ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి, ఫోల్డర్ని సంచిలో పెట్టి, సంచికి నాలుగు వైపులా టేపు వేసి, సూట్‌కేసులో పెట్టి, తాళం వేసి, సముద్రం వైపు గోడకి కట్టిన అలమరలో పై అరకి ఎక్కించారు. "ప్రాణం పోయినా పర్లేదు, కాయితం పోకూడదు" అన్నారు. మా ఆయన కళ్లలో అన్నగారి మీద భక్తి పొంగింది. నాకు నవ్వొచ్చింది గానీ, నేనూ ఆపలేదు.

అప్పుడే ఆవిడ వచ్చింది. కింది అంతస్తులో ఉంటూ భవనం బాగోగులు చూసే మనిషి. మెట్లు తుడిపించడం, నీళ్ల మోటారు చూసుకోవడం, వచ్చిన ఉత్తరాలు ఎవరి పెట్టెలో వాళ్లకి వేయడం ఆవిడ పని. అరవై దాటి ఉంటాయి. గుమ్మంలో చెప్పులు విప్పి, గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. సోఫా తొడుగు పట్టుకుని చూసింది. అలమర వెనక వేళ్లు పోనిచ్చి చూసింది. తర్వాత తన ఫోనులో ఏదో మాట్లాడింది. ఆ ఫోను పంచాంగం చదివే గొంతుతో తెలుగులో పలికింది.

"ప్లాస్టిక్ తొలగించవలెను. అలమర తలుపులు తెరచి ఉంచవలెను. ఇచ్చట బూజు వచ్చును."

బావగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "వచ్చునట! చూశావురా, వచ్చిన రోజే మొదలెట్టింది. రేపు ఏదో యంత్రం తెచ్చి అంటగడుతుంది చూడు. కమీషను."

మర్నాడు నిజంగానే తెచ్చింది. గాలిలో తేమ లాగే యంత్రం, చక్రాల మీద తోసుకొచ్చి మా గుమ్మంలో పెట్టింది. దాని మీద అంటించిన చీటీలో, ఇది భవనానిదే, ఉచితం అని వచ్చీరాని ఇంగ్లీషులో రాసి ఉంది. అది చదివింది నేనొక్కదాన్నే. చదివి కూడా కాలితో లిఫ్టు దాకా తోసేశాను. ఎందుకంటే మా తోటికోడలు పక్కనే నిలబడి చూస్తోంది. దిగిన రెండో రోజే వేరే జట్టులో చేరినట్టు కనపడటం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ ఆదివారం సభలో ఆవిడ ఫోను గొంతుని అనుకరించి చూపించాను. అందరూ పడిపడి నవ్వారు. ఆ ఊపులో పేరు కూడా పెట్టేశాను, బూజమ్మ అని. అది బావగారు పెట్టిన పేరని మనవాళ్లు అనుకుంటారు, ఆయనా కాదనరు. పెట్టింది నేను. నా నోటికి అంత చురుకుందని ఆ రోజు గర్వపడ్డాను కూడా.

పేరు ఎంత బాగా అతికిందంటే, వారం తిరక్కుండా ఎనిమిది కుటుంబాలూ ఆవిణ్ణి మొహం మీదే అలా పిలవడం మొదలుపెట్టాయి. "నమస్తే బూజమ్మా" అంటే ఆవిడ తల వంచి ఏదో అనేది. అమ్మ అంటే తల్లి, గౌరవంగా పిలుస్తున్నాం అని బావగారు సైగలతో వివరించారు. లిఫ్టు తలుపు మూసుకునే దాకా అందరం మొహాలు బిగబట్టుకుని, ఆ తర్వాత వదిలేసేవాళ్లం.

ఒక సంగతి మాత్రం ఆ సభలో నేనెప్పుడూ చెప్పలేదు. ఆవిడ కింది వరుస మొత్తం కట్టుడు పళ్లే. చూసిన రోజే కనిపెట్టాను. చిగుళ్ల రంగులో సన్నటి తేడాలు, ఒక పన్ను కావాలనే రవ్వంత వంకరగా పెట్టడం, ఎవరో చెయ్యి తిరిగిన మనిషి చేసిన పని. ఎనిమిదో నెలలో ఉండబట్టలేక మెట్ల దగ్గర ఆపి సైగ చేసి అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి ఒక ల్యాబు కార్డు తెచ్చి ఇచ్చింది. ఆ ల్యాబుకే వెళ్లాను. ఆ యజమాని ముసలాయన నాతో ఒక సెట్టు చేయించి, దీపం కింద తిప్పి తిప్పి చూసి, ఈ నెలాఖరులోగా ప్రభుత్వ ఆఫీసులో రిజిస్ట్రేషను తెచ్చుకుంటే కుర్చీ నీదే అన్నాడు. చేతికి పని లేక, సోఫా తొడుగు మీద జారిపోకుండా కూర్చోవడమే పనిగా ఏడు నెలలు గడిపినదాన్ని. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను, సంతోషంతోనే. ఆ మర్నాడు కూడా ఆవిణ్ణి బూజమ్మా అనే పిలిచాను.

రిజిస్ట్రేషనుకి అసలు డిప్లొమా చూపించాలి. నెలాఖరు శుక్రవారం నాలుగు గంటలకి ఆఫీసు కట్టేస్తారు. గురువారం సాయంత్రం సూట్‌కేసు దింపాం. టేపు కోశాం. సంచి లోపలి వైపంతా నీటి బొట్లు. ఫోల్డర్లోంచి నా డిప్లొమాని తీస్తే దానికి నూగు మొలిచింది. అంచులు నల్లగా, మధ్యలో పచ్చగా. నా పేరు, నంబరు మిగిలాయి. ముద్ర సగం పోయింది. నేల మీదే కూలబడ్డాను.

కబురందగానే బావగారు వచ్చారు. "అంత గట్టిగా చుట్టాను కదే!" అన్నారు, తప్పు కాయితానిదే అన్నట్టు. తర్వాత తేరుకుని, "ఏమైనా అమ్మాయ్, వీళ్లు మనవాళ్లకి పనివ్వరు. కాయితం బాగున్నా ఇచ్చేవాళ్లు కాదు. వదిలెయ్" అన్నారు.

మా ఆయన అన్నగారి వైపు చూసి, "నిజమేలే" అన్నారు.

పద్నాలుగేళ్ల నా పనిని ఆ రెండు మాటలతో ముగించి, ఇద్దరూ టీ అడిగారు. ఆ క్షణంలో ఆ ఇద్దరి మీదా నాకు కలిగింది కోపం కాదు, అసహ్యం. టీ పెట్టివ్వలేదు.

శుక్రవారం పొద్దున్నే ఆ నూగు కాయితం పట్టుకుని ఒక్కదాన్నే ఆఫీసుకి వెళ్లాను. కౌంటరులో గుమాస్తా దాన్ని చూసి కనుబొమ్మ కూడా ఎత్తలేదు. సొరుగు లాగి ఒక ఫారం తీశాడు. అలాంటి ఫారాలు అక్కడ కట్టగా ఉన్నాయి. తేమకి పాడైన పత్రాల కోసమే అచ్చేయించిన ఫారం. ఈ దీవిలో ఇది జలుబంత మామూలు విషయమని, పదకొండేళ్ల ఉపన్యాసాల్లో బావగారు ఒక్కసారీ చెప్పలేదు. ఆయనకి తెలిస్తే కదా.

ఒక సాక్షి కావాలని గుమాస్తా చెప్పాడు. ఈ కాయితం ఈ ఇంట్లోనే, ఈ తేమకే పాడైందని సంతకం పెట్టాలి. సాక్షి బంధువు కాకూడదు, మా దేశం మనిషి కాకూడదు, అదే భవనంలో అయిదేళ్లకి తక్కువ కాకుండా ఉండాలి. దరఖాస్తుదారుడి పేరు సాక్షి, సాక్షి పేరు దరఖాస్తుదారుడు, ఎవరి చేత్తో వాళ్లు రాయాలి. ఒకరినొకరు ఎరుగుదురని దానికి గుర్తట.

బయటికొచ్చి ఇంటికి ఫోను చేస్తే బావగారే తీశారు. "దానికేం, నేను పెడతాగా సంతకం!" అన్నారు. బంధువులు పనికిరారు, బూజమ్మనే అడుగుతానని చెప్పి పెట్టేశాను.

ఒంటిగంటకి ఆవిడ తలుపు తట్టాను. ఆ ఇంట్లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఒకటే గది. అలమర తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, బట్టల మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ. మూల తేమ యంత్రం సన్నగా మూలుగుతోంది, నేను కాలితో తోసిందే, దాని మీద నా చెప్పు గీత ఇంకా ఉంది. ఆవిడ ఫారం చదివింది. నా డిప్లొమాని వెలుతురుకి పట్టుకుని, తడి లేని మెత్తటి బ్రష్షుతో నూగు మెల్లగా దులిపింది. ముద్రలో ఇంకో రెండు అక్షరాలు బయటపడ్డాయి. నేను చెప్పానుగా అని ఒక్క మాట అంటే నాకు తేలిగ్గా ఉండేది. అనలేదు.

తన సంతకం పెట్టి ఫారం నా వైపు తిప్పింది. సాక్షి పేరు, దరఖాస్తుదారుడి చేతిరాతతో.

కలం పట్టుకున్నాను. ఎనిమిది నెలలుగా రోజూ పలకరించే మనిషి పేరు నాకు తెలియదు. సంతకం ఇక్కడి లిపిలో ఉంది, ఒక్క గీత కూడా అర్థం కాలేదు. తలెత్తే ధైర్యం లేక ఆ ఖాళీ గడి వైపే చూస్తూ కూర్చున్నాను.

"బూజమ్మ," అంది ఆవిడ, ఫోను లేకుండా తన నోటితోనే. మా ఆదివారం సభలో పలికినట్టే, జ మీద నొక్కి.

ఆ తర్వాత ఫోనులో మాట్లాడింది. పంచాంగం గొంతు పలికింది.

"ఆ పేరు వ్రాయవద్దు. ఆఫీసు వారు అర్థము అడుగుదురు. అప్పుడు మీరు చెప్పవలసి వచ్చును."

"మీకు... ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఫోనుకి వినపడింది.

"మొదటి వారమున ఈ ఫోనునే అడిగితిని."

సిగ్గుతో చచ్చిపోవడం అంటే అప్పటిదాకా మాటే అనుకున్నాను. ఆవిడ మొహంలో కోపం లేదు, జాలి కూడా లేదు. నాలుగు గంటలకి ఆఫీసు కట్టేస్తారన్నట్టు గడియారం చూపించి, తన పేరు అక్షరం అక్షరం చెప్పింది. రాశాను. రెండోసారి చదివించుకుని, ఒక అక్షరం దిద్దించింది. పట్టుమని పది సెకన్లు పట్టని పేరు.

ఫారం తన వైపు లాక్కుని నా పేరు రాయడం మొదలుపెట్టింది. మా ఇంటిపేరు ఇంగ్లీషులో రాయాలంటే మా ఆయన కంపెనీ వాళ్లు ఇప్పటికీ ఒక అక్షరం మింగేస్తారు. నేను సాయం చేద్దామని నోరు తెరిచాను. అవసరం లేకపోయింది. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసేసింది. ఎనిమిది నెలలుగా మా ఉత్తరాలు మా పెట్టెలో వేస్తున్నది ఆవిడే.

మూడుంపావుకి గుమాస్తా ముద్ర వేశాడు. మెట్లు దిగుతుంటే మా ఆయన ఫోను. వెనక బావగారి గొంతు, ఇంకెవరివో నవ్వులు.

"ఏమైంది? బూజమ్మ సంతకం పెట్టిందా?"

"పెట్టింది. పనైపోయింది."

"హమ్మయ్య! అయినా భాష రాదు కదా, ఎలా చెప్పావు?"

"ఆవిడకి తెలుగు వచ్చు."

అవతల నవ్వులు ఆగిపోయాయి. ఎవరో మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. మా ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"వచ్చా? ఎంత వచ్చు?"

"మనం నేర్పినంత," అన్నాను.