బ్లాక్‌పూల్ నుంచి తంతి

ఇరవై ఏళ్లు బంతి తన్ని, ఎనిమిదేళ్లుగా క్రాగ్‌డేల్ రోవర్స్‌ ఫుట్‌బాల్ క్లబ్బుకు మేనేజరుగా ఉన్న ఎజ్రా ఓగ్డెన్ ఒక్కసారి కూడా జట్టును తన చేత్తో రాయలేదు. బంతులకు గాలి కొట్టేది అతనే, గోల్ వల చిరిగితే కుట్టేదీ అతనే. పదకొండు పేర్లు రాసేది మాత్రం చుట్టలు కాల్చే ఐదుగురు డైరెక్టర్లు. చాకిరీ ఒకరిది, పెత్తనం ఇంకొకరిది.

వాళ్లకు ఆట ఎంత తెలుసంటే, చైర్మన్ బార్న్‌షా అల్లుడు సిరిల్‌కు జట్టులో చోటు ఖాయం. సిరిల్ పరిగెడుతుంటే చూసేవాళ్లకు ఆవులింతలొస్తాయి. ఇద్దరు పిల్లల తండ్రి విల్ఫ్ మెరుపులా పరిగెడతాడు గానీ, పొట్టివాడని ఏడాదిగా బట్టల బుట్ట మోయిస్తున్నారు.

ఆ శనివారం ఆఖరి ఆట. ఓడితే లీగు నుంచి క్లబ్బూ, క్లబ్బు నుంచి ఎజ్రా బయటికే.

పరాయి ఊళ్లో ఆటకు రైలెక్కారు. ఏప్రిల్ చలికి డైరెక్టర్లు ముందు పెట్టెలో వేడినీళ్ల డబ్బాల మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆటగాళ్లు వెనక మూడో తరగతిలో. ప్రెస్టన్‌ స్టేషన్లో ముందు పెట్టెలు విడిపోయి సముద్రం ఒడ్డున ఉన్న బ్లాక్‌పూల్ వెళ్తాయని, వెనకవే ఆట జరిగే ఊరికి పోతాయని ఎజ్రాకు తెలుసు.

అవి సముద్రం వైపు కదిలిపోతుంటే ట్రైనర్ సెత్ కిటికీలోంచి నోరు తెరిచి చూశాడు.

"ఒరేయ్ ఎజ్రా, వాళ్లకు చెప్పలేదా?"

"నన్నడిగారా?"

"జట్టు కాగితం చైర్మన్ జేబులో ఉంది కదరా."

"పోనీలే పాపం, అదీ సముద్రం చూసొస్తుంది."

నవ్వాడే గానీ, మైదానం చేరాక పెన్సిల్ రెండుసార్లు చెక్కాడు. సిరిల్ ఉండే చోట విల్ఫ్ పేరు రాసి, సిరిల్‌ను పక్కకు పిలిచాడు.

"నిజంగానా సార్? మీకు పుణ్యముంటుంది. మామగారి పోరు పడలేకే ఆడుతున్నాను" అని సిరిల్ తిన్నగా మాంసం పైలు అమ్మే బండి దగ్గరికి నడిచాడు.

ఆట మొదలవబోతుండగా బ్లాక్‌పూల్ నుంచి తంతి వచ్చింది.

"చదవరా" అన్నాడు సెత్.

"చదివితే వాళ్ల మాట వినాలి" అని ఎజ్రా దాన్ని మడిచి టోపీలో దోపుకున్నాడు. నెత్తి మీద నిప్పు పెట్టుకున్నట్టే ఉంది.

సగం ఆటకు రోవర్స్ ఒక గోల్ వెనక. తర్వాత విల్ఫ్ ఒకటి వేయించాడు. ఇక రెండు నిమిషాలున్నాయనగా, అవతలి జట్టులో గోలుకు కాపలా కాసే బ్యాక్ కాళ్ల సందులోంచి బంతి దాటించి తానే ఒకటి కొట్టాడు. ఎజ్రా ఒళ్లు మరిచి టోపీ గాల్లోకి విసిరాడు. ఆఖరి ఈల మోగేసరికి సెత్ బురదలోంచి తంతి ఏరి చదివి వినిపించాడు.

"రొయ్యలు బ్రహ్మాండం. ట్రాము ఎక్కాం. జట్టు నువ్వే రాసుకో. మళ్లీ ఎప్పుడొద్దాం?"

ఎనిమిదేళ్లు బతిమాలినా రాని మాట. ఎజ్రా బురదలోనే కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"ఇంత సులువని తెలిస్తే, ఎనిమిదేళ్ల కిందటే వాళ్లకు రొయ్యలు తినిపించేవాణ్ణి కదరా."