అర్థమైంది చెప్పండి

కెన్, మే, మస్ట్ లాంటి ఇంగ్లీషు మాటల్ని ఎలా గుర్తుపెట్టుకున్నారని మాస్టారి దగ్గర చదువుకున్న నర్సుల్ని అడిగి చూడండి. వ్యాకరణం చెప్పరు, మాస్టారి చుట్టాల కథ చెబుతారు. మస్ట్ ఆయన నాన్నగారు, ఆ మాటకు తిరుగులేదు. షుడ్ మేనత్త. చుట్టపుచూపుగా వచ్చి, ఇంట్లో ఏది ఎలా ఉండాలో చెప్పి వెళ్తుంది, వింటే విన్నట్టు, లేకపోతే లేదు. కెన్ పెద్దన్నయ్య. కుళాయి బాగుచేయమన్నా, బీరువా మేడ మీదికి ఎక్కించమన్నా ‘ఓస్ ఇంతేనా’ అంటాడు. కుడ్ కూడా ఆ అన్నయ్యే, మోకాళ్ళు అరిగిపోయాక. మే అమ్మ, అడిగితే సరేనంటుంది. ఇక మైట్ అంటే బాబాయి. ఆదివారం వస్తానంటాడు, గుమ్మంలోకొచ్చి చెప్పులు విప్పాక గానీ నమ్మడానికి లేదు.

ఈ చుట్టాలందరితో మాస్టారు ఏళ్ళ తరబడి ఇస్త్రీ దుకాణం పైనున్న గదిలో కాపురం చేశాడు. కింద ఇస్త్రీ పెట్టెల వేడికి ఆ గదిలో నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. డ్యూటీ దిగి వచ్చిన నర్సులు ముందు చెప్పులు విప్పి కాళ్ళు కాచుకుంటారు, ఆ తర్వాతే పాఠం. పెద్దాసుపత్రుల్లో ఉద్యోగం రావాలంటే ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటి గట్టెక్కాలి. అందులో అందరూ బోల్తా పడేది ఒక్కచోటే. పరీక్ష పెట్టేవాడు రోగి తాలూకు మనిషిలా కూర్చుంటాడు, వాడికి చెడ్డ కబురు చెప్పాలి. ‘పోతారు’ అని మొహం మీద చెబితే మార్కులు పోతాయి. ఏమీ చెప్పకుండా నీళ్ళు నమిలినా పోతాయి. అక్కడ నాన్నగారూ మేనత్తా పనికిరారు, అమ్మనీ బాబాయినీ పిలుచుకోవాల్సిందే.

దీనికోసం మాస్టారు సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఒకరు నర్సు, ఒకరు రోగి చుట్టం. నర్సు ఇంగ్లీషులో మెత్తగా చెప్పాలి. అది విన్న చుట్టం వెంటనే తెలుగులో రెండు సంగతులు చెప్పాలి. ఏం అర్థమైంది, ఇప్పుడేం చేస్తారు. మెత్తగా చెప్పిన మాట అవతలివాడికి అందకపోతే ఎంత మెత్తగా ఉండి ఏం లాభమని ఆయన వాదన. ‘అర్థమైంది చెప్పండి’ అనడం ఆయనకి ఊతపదమైపోయింది. కూరగాయలు కొనేచోట కూడా ఒకటి రెండుసార్లు నోరు జారాడు.

ఆ మాస్టారి భార్య కొన్ని వారాలుగా ఆసుపత్రిలో ఉంది. గుండె బాగా నీరసించి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. తీసేకొద్దీ మళ్ళీ చేరుతోంది. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. ఏ ముఖానికి ఏ ఫ్రేము నప్పదో నిర్మొహమాటంగా చెప్పేసేది. ‘ఇది పెట్టుకుంటే అప్పు వసూలు చేసేవాళ్ళలా ఉన్నారు, తీసేయండి’ అనేది. యజమాని తల పట్టుకునేవాడు గానీ, జనం మాత్రం ఆవిడ ఉన్న రోజు కనుక్కుని మరీ వచ్చేవాళ్ళు. పిల్లల్లేరు. దగ్గరివాళ్ళంటే ఒక అక్క ఉంది, బస్సులో సగం పూట ప్రయాణం.

మొదటి వారం మాస్టారు కాలు గాలిన పిల్లిలా తిరిగాడు. రెండో వారం నుంచి మొద్దుబారిపోయాడు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు, ఆకలి కూడా మర్యాదకి వచ్చి వెళ్ళిపోయేది. పొద్దున లేచేవాడు, ఆసుపత్రికి వెళ్ళేవాడు, మంచం పక్క కూర్చునేవాడు, క్లాసు టైముకి లేచేవాడు. గడియారం ఎటు తోస్తే అటు నడిచేవాడు. పెద్ద డాక్టరు ఏదో చెబితే తల ఊపేవాడు. ఏం చెప్పారని భార్య అడిగితే ‘చూద్దామన్నారు’ అనేవాడు. నిజానికి ఆ మాట డాక్టరు అన్నాడో లేదో కూడా ఆయనకి తెలియదు. చెవిన పడుతోంది గానీ మనసుకి ఎక్కడం లేదు.

ఆవిడ ఉన్న వార్డులో ఒక నర్సు ఆయన పాత శిష్యురాలే. క్లాసులో గొంతు పెగలక కిచకిచమనేది కాబట్టి అందరూ పిచ్చుక అనేవాళ్ళు. ఇప్పుడు డాక్టర్లకే చీవాట్లు పెడుతుందని పేరు తెచ్చుకుంది. కానీ మాస్టారు కనబడితే చాలు, మళ్ళీ బల్ల ముందు నిలబడ్డ పిల్లైపోతుంది. ఆయనతో తెలుగులో మాట్లాడితే చదువు మరిచిపోయిందనుకుంటారేమోనని ఆమె భయం. అందుకని మందుల చీటీ దగ్గర్నుంచి మంచినీళ్ళ వరకు అన్నీ ఇంగ్లీషులోనే చెబుతుంది. ఆయన కూడా అలవాటుకొద్దీ ఆ మాటల్ని మనసులోనే దిద్దుతాడు.

ఆరోజు మధ్యాహ్నం భార్య నిద్రలో ఉండగా మాస్టారు సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాడు. నడవాలో పిచ్చుక ఎదురైంది. ఒక క్షణం ఆగి, ఆయన కళ్ళలోకి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

“సార్, హర్ కండిషన్ మే చేంజ్ వెరీ క్విక్లీ. యూ మైట్ వాంట్ టు స్టే విత్ హర్ టుడే.”

ఆమె పరిస్థితి తొందరగా మారిపోవచ్చు, ఇవాళ మీరు దగ్గర ఉంటే బాగుంటుందేమో. మాస్టారు విన్నాడు. అమ్మని పెట్టాల్సిన చోట అమ్మని పెట్టింది, బాబాయిని పెట్టాల్సిన చోట బాబాయిని. ముందు చిన్న విరామం ఇచ్చింది. చివర్లో గొంతు దించింది. ఒకప్పుడు ఈ వాక్యం దగ్గరే ముచ్చెమటలు పోసేవి ఆ పిల్లకి.

“వెరీ గుడ్,” అన్నాడు మాస్టారు.

పిచ్చుక నోరు తెరిచింది. “సార్... అదీ...” అంది గానీ ఆయన అప్పటికే మెట్లవైపు తిరిగాడు. క్లాసు టైమైంది. ఆమె అలా నిలబడే ఉంది, ఎవరో మంచం దగ్గరినుంచి పిలిచేదాకా.

గదిలో నేల వెచ్చగానే ఉంది. వచ్చినవాళ్ళు వచ్చారు. అందర్నీ జంటలుగా కూర్చోబెడితే, చివరికి అందరూ గంట అని పిలిచే అమ్మాయి ఒక్కతే మిగిలిపోయింది. గంట అంటే మోగే గంటే. మెత్తగా చెప్పమంటే వీధి చివరికి వినబడేలా మెత్తగా చెబుతుంది. ఆమె జంట ఆరోజు జ్వరంతో రాలేదు.

“నాకెవరు సార్ చుట్టం?” అంది.

“నేనుంటాలే,” అని మాస్టారు కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. “నా భార్య మీ వార్డులో ఉందనుకో. చెప్పు.”

క్లాసులో ఎవరికీ ఆయనింటి సంగతి తెలియదు. ఆయన చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ఆ మాట నోటిదాకా రాలేదంతే.

గంట గొంతు సవరించుకుంది. పైటచెంగుతో మొహం తుడుచుకుంది. ఇన్నాళ్ళూ తిన్న చీవాట్లన్నీ గుర్తొచ్చినట్టున్నాయి, మొదటిసారి నిజంగానే గొంతు తగ్గించి, మాస్టారు నేర్పిన వాక్యాన్ని పొల్లుపోకుండా చెప్పింది. హర్ కండిషన్ మే చేంజ్. యూ మైట్ వాంట్ టు స్టే.

“అబ్బో!” అన్నారు వెనకనుంచి ఎవరో. గంట మురిసిపోయింది. మాస్టారు తననే చూస్తుండేసరికి కొంటెగా నవ్వి, “ఏంటి సార్ అలా చూస్తారు? ఇప్పుడు మీ వంతు. అర్థమైంది చెప్పండి,” అంది.

మాస్టారు వంతు వచ్చింది. ఆయన పద్ధతి ప్రకారం తెలుగులోనే చెప్పాలి.

“అర్థమైంది ఏంటంటే,” అని మొదలుపెట్టాడు. “ఆవిడ బతకదు. ఇవాళో రేపో. ఎక్కడికీ వెళ్ళకు, పక్కనే కూర్చో అంటున్నావు.”

“కరెక్ట్ సార్! మరి ఇప్పుడేం చేస్తారు?”

ఆయన గంట మొహంకేసి చూశాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, కింద ఎవరో చొక్కాలెప్పుడు ఇస్తారని గొడవ పడుతున్నారు. తను చెప్పిన మాట తనకే ఎవరో పరాయివాడు చెప్పినట్టు వినబడింది. పిచ్చుక నడవాలో చెప్పింది ఇదే. దానికి తను వెరీ గుడ్ అన్నాడు. మార్కులేశాడు. సిగ్గు కూడా వెంటనే రాలేదాయనకి. కాళ్ళకింద వెచ్చదనం ఒక్కటే తెలిసింది.

“వెళ్తాను,” అన్నాడు లేచి.

“అదేంటి సార్, ఉంటాను అనాలి కదా?” అంది గంట.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి మెట్లు దిగుతున్న మాస్టారిని చూశాక గానీ ఆ పిల్ల నవ్వు ఆగలేదు.

ఆసుపత్రికి నడిచే దూరమే. ఆయన పరుగెత్తలేదు, పరుగెత్తాలని తోచలేదు. దారంతా ఒకటే ఆలోచన: మంచం ఖాళీగా ఉంటే? ఆ ఆలోచనకి కూడా లోపల ఏదీ కదలలేదు, దానికే ఆయనకి భయం వేసింది. తడిసిన రోడ్డు మీద ఉత్తకాళ్ళకి గులకరాళ్ళు గుచ్చుకుంటే మాత్రం ఎందుకో కాస్త బాగుందనిపించింది.

మంచం ఖాళీగా లేదు. ఆవిడ మెలకువగానే ఉంది. వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు, మాటకి మాటకి మధ్య ఆయాసపడుతోంది. మందు గొట్టం సరిచేస్తున్న పిచ్చుక మాస్టారిని చూసి ఇంగ్లీషు ఎత్తుకోబోయింది.

“తెలుగులో చెప్పమ్మా,” అన్నాడు ఆయన బయటికి తీసుకెళ్ళి. “ఎంతసేపు?”

పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తెల్లారేదాకా ఉంటారో ఉండరో సార్. మీకప్పుడే చెప్పాను... మీరు బాగా చెప్పావన్నారు...”

“బాగానే చెప్పావు. నేనే వినలేదు,” అన్నాడు మాస్టారు.

లోపలికెళ్ళి మంచం పక్క కూర్చున్నాడు. ఆవిడ ఆయన కాళ్ళవైపు చూసింది. “చెప్పులేవీ?” అంది. ఆయన ఏదో అనబోతే, చెయ్యెత్తి ఆపింది.

“నాకు తగ్గుతుందా?”

తలుపు దగ్గర పిచ్చుక కదలకుండా నిలబడింది.

“తగ్గొచ్చు,” అన్నాడు మాస్టారు. తడుముకోకుండా వచ్చేసింది ఆ మాట. ఏళ్ళ తరబడి నేర్పిన నోరు కదా.

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఊపిరి కూడదీసుకోవడానికి కాస్త సమయం పట్టింది. “వారం నుంచి అందర్నీ అడుగుతున్నాను,” అంది. “డాక్టర్ని అడిగాను, ఈ పిల్లనడిగాను, తుడవడానికొచ్చే ఆవిణ్ణడిగాను. తగ్గొచ్చు, చూద్దాం, కావచ్చు. నాకు చెయ్యాల్సిన పనొకటి ఉందండీ. మీరందరూ ఇలా మాట్లాడుతుంటే ఎప్పుడు చెయ్యను? దుకాణంలో నేనెవరికైనా ఇలా చెప్పానా ఎప్పుడైనా? చెప్పండి. తగ్గుతుందా?”

“తగ్గదు.”

“ఎప్పుడు?”

“ఈ రాత్రి. లేదా రేప్పొద్దున.”

ఆవిడ ఏడవలేదు. కడుపులో చాలాసేపటినుంచి పట్టేసిన నొప్పి వదిలినట్టు భుజాలు కిందికి దించింది. ఆయన చెయ్యి తీసుకుని ఒకసారి గట్టిగా నొక్కింది, తర్వాత వదిలేసింది.

“అక్కకి ఫోను కలపండి.”

ఆయన కలిపి ఆవిడ చెవి దగ్గర పెట్టాడు. అవతలినుంచి అక్కగారి గొంతు గలగలా వస్తోంది. ఎలా ఉందే, తిన్నావా, ఆదివారం వద్దామనుకుంటున్నా, నీకు తగ్గొచ్చని మా డాక్టరు కూడా అన్నాడు.

“అక్కా, నేను చెప్పేది విను,” అంది ఆవిడ. “నాకు తగ్గదు. నేను పోతున్నాను. ఆదివారం కాదు, ఇప్పుడే బయల్దేరు.”

ఫోనులోంచి ఒక్క పెట్టున ఏడుపు వినబడింది. పక్క మంచాలవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆవిడ విసుక్కుంది.

“ఇక్కడికొచ్చాక ఏడుద్దువుగాని. నిన్ను చూడాలి నేను. ముందు బస్సెక్కు.”

ఫోను పట్టుకున్న మాస్టారికి ఇన్ని వారాలూ ఎక్కడుందో తెలియని ఏడుపు ఒక్కసారిగా వచ్చిపడింది. ఆపుకోవాలని కూడా ఆయనకి తోచలేదు. ఆవిడ వద్దనలేదు. ఫోను జారిపోకుండా తన చేత్తో పట్టుకుని, అక్క బస్సెక్కానని చెప్పేదాకా అలాగే చెవికి ఆనించుకుని ఉంది.