ఎలా కొట్టారు?

తొమ్మిదో తరగతి గదిలో ఇంగ్లీషు టీచరు ఏ పాఠాన్నైనా ఒకే రకంగా మొదలుపెట్టేది. వాక్యంలో వెర్బ్ దొరికిందా? దొరికితే దాన్ని నిలదీయండి, ‘ఎలా?’ అని. ఎలా నడిచింది? నెమ్మదిగా. ఎలా పాడింది? తీయగా. మన మాట చివర ‘గా’ తగిలినట్టే వాళ్ల మాట చివర ‘లీ’ తగులుతుంది, ఆ తోక దొరకబుచ్చుకోండి చాలు, అనేది.

ఆ తర్వాత బోర్డు మీద ఒక వాక్యం రాసేది. ‘ద గర్ల్స్ ఓపెన్ ద బుక్స్ క్వయిట్‌లీ.’ ఆ చివరి మాట పూర్తయిందో లేదో, పుస్తకాలన్నీ చప్పుడు లేకుండా తెరుచుకునేవి. బోర్డు తుడిచేదాకా అంతే. ‘ద ఫ్యాన్ టర్న్స్ స్లోలీ’ అని రాస్తే ఫ్యాను నిద్రమత్తులో ఉన్నట్టు తిరిగేది. కొన్ని గదులు వానకు కారతాయి, కొన్ని గదుల్లో ఎండ పడదు, ఈ గది ఇలాంటిది, అంతే అనుకునేవాళ్లు అందరూ. పక్క గది లెక్కల సారైతే పేపర్ల కట్ట చంకన పెట్టుకుని వచ్చి, తన పేరుతో ఒక ‘క్విక్‌లీ’ రాసిపెట్టమని అడిగి, చివరి బెంచీలో కూర్చుని దిద్దుకునేవారు.

షరతు ఒక్కటే. మాట ఉండాల్సిన చోట ఉండాలి. వెర్బ్‌కీ ఆబ్జెక్ట్‌కీ మధ్య ఇరికించి ‘క్లోజ్ క్వయిట్‌లీ ద డోర్’ అని రాస్తే తలుపు దడాలున పడేది. పిల్లలు నవ్వేవాళ్లు. ఆ తప్పు మళ్లీ చేసేవాళ్లు కాదు.

ఆ పిల్లల్లో దర్జీపని చేసే ఆవిడ కూతురు ఒకతి ఉండేది. చిన్నగా ఉండి, నోరు మూయకుండా మాట్లాడుతుందని అందరూ పిచ్చుక అనేవాళ్లు. ఒకరోజు సైన్సు క్లాసులో పిచ్చుక ఎందుకో నవ్వింది. సైన్సు సారు ఆ పిల్ల ఎడమ చెంప మీద కొట్టారు. మర్నాడు చెవిలోంచి రక్తం వచ్చింది. కర్ణభేరి చిరిగిందన్నారు డాక్టరు.

సైన్సు సారు హెడ్మాస్టరుకు స్వయానా బావమరిది. అతన్ని తప్పించడానికి హెడ్మాస్టరు బడి కరస్పాండెంటుకు ఒక కాగితం రాసి, ఇంగ్లీషు టీచరును పిలిచి భాష సరిచూడమన్నారు. అందులో ఒక వాక్యం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ‘హి హార్డ్లీ టచ్డ్ హర్.’

‘హార్డ్’ అంటే గట్టిగా. దానికి తోక తగిలించి ‘హార్డ్లీ’ అంటే తగిలీ తగలనట్టు. ఈ తేడా ఆమె మొన్ననే పిల్లలకు చెప్పింది. వాక్యంలో తప్పేమీ లేదు. అదే ఆమెకు ఒళ్లు మండించింది. తను రోజూ నోరరిగేలా చెప్పే పాఠంతో ఒక పిల్ల చెవిని తుడిచిపారేశారు.

“ఆ ‘లీ’ తీసేస్తేనే ఇది నిజమవుతుంది సార్. హార్డ్ అని ఉండాలి,” అంది.

“మిమ్మల్ని గ్రామర్ చూడమన్నానమ్మా, తీర్పు చెప్పమనలేదు,” అని ఆయన కాగితం లాక్కున్నారు.

కరస్పాండెంటు మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేరు కాబట్టి విచారణ కింది అంతస్తులోని తొమ్మిదో తరగతి గదిలోనే పెట్టాల్సి వచ్చింది. హెడ్మాస్టరు తెలివైనవాడు. ముందే వచ్చి బోర్డు శుభ్రంగా తుడిచి, సుద్దముక్కలన్నీ జేబులో వేసుకున్నారు. దర్జీ ఆవిడ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, బోర్డు వైపు వీపు పెట్టి ముడుచుకుని కూర్చుంది.

సైన్సు సారు లేచి, ఏదో మందలించబోతే వేలు తగిలిందన్నారు. హెడ్మాస్టరు, పిల్లకు చిన్నప్పటి నుంచీ చెవిపోటు ఉందట అన్నారు. దర్జీ ఆవిడ తల వంచుకుని, అయిందేదో అయింది, పిల్లను బడి మాన్పించి కుట్టుమిషను పని నేర్పుకుంటానని నీళ్లు నమిలింది. కరస్పాండెంటు హమ్మయ్య అనుకున్నట్టే కనిపించారు.

తలుపు దగ్గర నిలబడి వింటున్న ఇంగ్లీషు టీచరు ఇక ఆగలేకపోయింది. బ్యాగు అడుగున దొరికిన సుద్దతో బోర్డు మీద బరబరా రాసేసింది. ‘దే టెల్ హానెస్ట్‌లీ ద స్టోరీ.’ ఏమీ కాలేదు. సైన్సు సారు తొణక్కుండా అదే కథ మళ్లీ చెబుతున్నారు. కోపంలో ఆమెకు తప్పెక్కడుందో కంటికి ఆనడం లేదు.

పిచ్చుక లేచి నిలబడింది. ఒక చెవి వినపడక, తన గొంతు ఎంత పెద్దదో తెలియక, గది అదిరేలా అంది: “టీచర్, హానెస్ట్‌లీ ఆబ్జెక్ట్ తర్వాత రావాలి.”

టీచరు ఆ మాటను అరచేత్తో చెరిపి వాక్యం చివర రాసింది.

“గట్టిగానే కొట్టాను,” అన్నారు సైన్సు సారు, మాట మధ్యలోనే. “చెవి మీద పడాలనే కొట్టాను. నన్ను చూసే నవ్విందనుకున్నాను. ఇంతకుముందూ కొట్టాను. బావ చూసుకుంటాడులే అని.”

హెడ్మాస్టరు, తనకంతా తెలుసని, ఇంట్లో భార్యతో పడలేక కప్పిపుచ్చానని చెప్పారు. కరస్పాండెంటు, తనకు న్యాయంకంటే త్వరగా ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవడమే ముఖ్యమని చెప్పి, చెప్పినందుకు తానే బిత్తరపోయారు.

అప్పుడు దర్జీ ఆవిడ తలెత్తింది. తనకు పిల్లను మాన్పించాలని లేదని, భయపడి అలా అన్నానని చెప్పింది. ఈలోగా హెడ్మాస్టరు ఎలాగో తేరుకుని, డస్టరు అందుకుని బోర్డంతా తుడిచేశారు. సైన్సు సారు నోరు టక్కున మూతపడింది. కరస్పాండెంటు గొంతు సవరించుకున్నారు. దర్జీ ఆవిడ మాత్రం ఆగలేదు.

“కొట్టినవాడు బళ్లో ఉండి, దెబ్బ తిన్నది ఇంట్లో కూర్చోవాలా? ఇతను పోవాలి. నా కూతురు ఎక్కడికీ పోదు. కాదంటే చెప్పండి, ఇప్పుడే పోలీస్ స్టేషనుకి పోయి ఇదంతా అక్కడ చెప్తాను.” ఇంకా చాలా మాట్లాడింది. ముగ్గురు మగవాళ్లూ నేల చూపులు చూశారు. ఆవిడ కుర్చీలోంచి లేచేసరికి సైన్సు సారును తీసేస్తున్నట్టు కరస్పాండెంటు సంతకం చేసేశారు.

బయట వరండాలో ఆవిడ టీచరును ఆపింది. “టీచరమ్మా, మీరు రాసింది తుడిచేస్తే నాకీ ధైర్యం పోతుందా?”

“హెడ్మాస్టరు ఎప్పుడో తుడిచేశారమ్మా. మీరు చూడలేదు. ‘కొట్టినవాడు బళ్లో ఉండి’ అన్న దగ్గర్నుంచీ మాట్లాడిందంతా మీరే.”

 ఆవిడ, ఇంటికి తీసుకుపోదామని తన భుజానికి తగిలించుకున్న పుస్తకాల సంచీ తీసి కూతురి భుజానికి వేసింది.

“పో,” అంది, పిల్లకు వినపడే చెవి వైపు వంగి. “క్లాసుకి పో.”