తెరకు అటుపక్క

1995 జనవరి 21, శనివారం. ఆ మధ్యాహ్నం దేవేందర్ తిన్నది రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు. రొట్టెలు పక్కింటి యాదవ్వ గోడ మీదుగా అందించినవి. పప్పు తాను వండింది. పప్పులో ఉప్పు వేయడం మరిచాడు, రొట్టెల్లో యాదవ్వ చేయి కాస్త జారింది. రెండూ కలిపి తింటే సరిగ్గా సరిపోయింది. భార్య పోయిన ఈ రెండేళ్లలో ఇలాంటి సర్దుబాట్లను గమనించడం అతనికి అలవాటైంది.

చేయి కడుక్కుంటుండగా గాలయ్య వచ్చాడు. గౌడవెల్లి ఎరువుల గోదాముకు గాలయ్యే పెద్ద. గోదాం తాళంచెవులు ఎప్పుడూ అతని మొలతాడుకే వేలాడుతుంటాయి.

“సారూ, ఓ మాట జెప్పిపోదామని వచ్చిన. నీ సినిమాలతోని పరేషాన్ అయితాంది.”

“కూర్చో గాలయ్యా. ఏమైంది?”

“ఏమైతది! పాటుండదు, ఫైటుండదు. పోయిన నెల గా ముసలోడు సెప్పు కుట్టుకుంటనే ఉండె, కుట్టుకుంటనే ఉండె. నాకు నిద్రొచ్చి లేసేసరికి ఇంకో సెప్పు పట్టుకున్నడు. జనం అడిగేదేందో గది ఎయ్యాలె.”

“జనం ఏం అడుగుతారో చూపించకముందే ఎట్ల తెలుస్తది?”

“నాకు ఎరుకే. మా కొడుకు కుమార్ మేడ్చల్ల వీడియో డెక్కు దుకాణం పెట్టిండు గదా. ఇయ్యాల రోడ్డవతల కలర్ టీవీ పెడ్తుండు. మస్తు ఫైటింగ్ సినిమా. నువ్వు గోదాం వాకిట్ల నీదేసుకో. మంది యాడ కూసుంటే వాకిలి ఆళ్లది. నువ్వు ఓడిపోయినవనుకో, రాత్రికే నీ మిషిన్ మా గోదాం గదిలకెల్లి తీస్కపోవాలె. ఆ జాగల డెక్కు వెట్టుకుంటం.”

దేవేందర్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. మేడ్చల్ జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే మనిషి. గొంతు పెంచడం రాదు. పిల్లలు అల్లరి చేస్తే పాఠం ఆపి కిటికీలోంచి చూస్తూ నిలబడేవాడు.

“సరే. కానీ నేను వేసే సినిమానే వేస్తా. దాన్ని మార్చను.”

“ఏం సినిమా?”

“ఒక పడవ నడిపేవాడి కథ.”

“పాటలున్నయా?”

“నది ఉంది.”

గాలయ్య నవ్వుకుంటూ పోయాడు.

నిజానికి ఆ సినిమాలు దేవేందర్ మొదలుపెట్టినవి కావు. అతని భార్య పద్మలత గౌడవెల్లి బడిలో టీచరు. నగరంలోని ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు కొత్త ప్రొజెక్టర్ కొనుక్కుని పాతది మూలన పడేస్తే, అడిగి తెచ్చింది. నెలకో శనివారం డబ్బాల్లో రీళ్లు మేడ్చల్ బస్సు మీద వచ్చేవి. రెండు పంచెలు కలిపి కుట్టి తెర చేసింది. ఊరివాళ్లు ఏ సినిమానూ దాని పేరుతో పిలవలేదు. కొలువు పోయిన గుమాస్తా మాట్లాడకుండానే అందరినీ కడుపుబ్బ నవ్వించినది ‘జారిపడ్డోని సినిమా’. గాలికి తలుపు కొట్టుకోవడం తప్ప ఇంకేమీ కనపడనిది ‘దయ్యం రాని దయ్యం సినిమా’. ఆ వారమంతా చాలా ఇళ్లలో తలుపులకు రోలు అడ్డం పెట్టుకుని పడుకున్నారు. దొంగను పట్టుకున్న పోలీసు చివర గోడవైపు తిరిగి ఏడ్చినది ‘పోలీసు ఏడ్సిన సినిమా’.

పద్మలత పోయాక కూడా డబ్బాలు వస్తూనే ఉన్నాయి. ఆపమని దేవేందర్ రాయలేదు. నెలకోసారి ఆ పంచెల తెర విప్పి కట్టడం ఒక్కటే ఆ ఇంట్లో ఇంకా ఆమె పనిగా మిగిలింది. ఆ వాకిలి పోతే అదీ పోతుంది.

పొద్దుగూకుతుండగా తెర కట్టాడు. వాకిలి మధ్యలో రెండు వెదుళ్లు, వాటి నడుమ తెర. తెరకు ఇవతల ప్రొజెక్టర్, మగవాళ్లు. అవతల, ఖాళీ ఎరువుల బస్తాలు పరుచుకుని ఆడవాళ్లు. మొదటి ఆటనాడే అలా కుదిరిపోయింది. పెద్దమనుషుల ముందు కాళ్లు చాపి కూర్చోలేమని ఆడవాళ్లు వెనక్కి పోయారు. పంచె పలచన కాబట్టి బొమ్మ అటూ పడుతుంది, కాకపోతే తిరగబడి. పద్మలత కూడా ఎప్పుడూ అటే కూర్చునేది. “అటు అక్షరాలు తిరగబడతాయి, ఇటు రా” అని మొదట్లో పిలిచాడు. “నాకు ఇక్కడే బాగుంది” అనేది. వాళ్లకు తోడుగా అనుకున్నాడు.

రోడ్డవతల కుమార్ టీవీ వెలిగింది. డప్పులు, ఈలలు. వాకిట్లోకి వచ్చిన మగవాళ్లు కాసేపు నిలబడి, తలలు గోక్కుని, ఒక్కొక్కరే రోడ్డు దాటారు. “జర సూసొస్తం సారూ” అన్నారు కొందరు. కొందరు అదీ అనలేదు. చివరికి ముసలి బాలనర్సయ్య ఒక్కడే మిగిలాడు.

“నువ్వు పోలేదేం తాతా?”

“ఆడ ఏం మోత సారూ! నాకు చెవుడే గాని, గా మోత చెవుడోనికి గూడ ఇనవడ్తది.”

దేవేందర్ దీపం వేశాడు. రీలు టకటకమని కదిలింది. తెర మీద నల్లటి నది, దానిలో చిన్న పడవ. ఆ పడవవాడికి ఒకటే నియమం, ముందు వచ్చినవాళ్లు ముందు ఎక్కాలి. ఒకరోజు గంప మోసుకుని ఒక ముసలమ్మ వచ్చి గట్టున కూర్చుంటుంది. ఆ వెనకే జమీందారు పల్లకీ వస్తుంది. పడవవాడు పల్లకీని చూడనట్టే ముసలమ్మ గంప అందుకుంటాడు. ఎవరూ ఏమీ మాట్లాడరు. చాలాసేపు నది ఒక్కటే కదులుతుంది. జమీందారు మనుషులు తాడు కోసి పడవను వరదలోకి వదిలేస్తారు. పడవవాడు దాని వెంట నీళ్లలోకి దూకుతాడు.

ఈ సినిమా ఏ గొప్పవాళ్లు మెచ్చుకున్నారో దేవేందర్ పట్టించుకోలేదు. ఆ పడవవాడు పల్లకీని చూడకుండా గంప అందుకునే తీరు ఈ ఊళ్లో నలుగురు చూడాలి, అంతే. కానీ ఆ నలుగురేరి? బాలనర్సయ్య గడ్డం ఛాతీ మీదికి జారింది.

అప్పుడే గాలయ్య వచ్చి వాకిలంతా చూశాడు.

“ఒక్కడు. ఆయన గూడ నిద్రవోయిండు. ఇగ బందువెట్టు సారూ. నాకు మాత్రం సంబురమా? మాటంటే మాట.”

దేవేందర్‌కు మాటంటే మాటే. స్విచ్ మీద చేయి పెట్టాడు. నది ఆరిపోయింది.

వెంటనే తెర అవతలి నుంచి ఒక్కసారిగా కేకలు లేచాయి.

“ఏయ్, ఎవడ్రా ఆపింది?”

“పడవోడు మునిగిండా, తేలిండా?”

“కరెంటు పోలే, రోడ్డుమీద బుగ్గ ఎలుగుతనే ఉన్నది. ఎవడో ఆపిండే!”

తెర అంచు పైకి లేచింది. దాని కింద నుంచి యాదవ్వ బయటికి వచ్చింది. కూలికి పోయి వచ్చిన చీరతోనే ఉంది. దేవేందర్ వంగి అవతలికి చూశాడు. బస్తాల మీద, బండి నొగల మీద, గోదాం మెట్ల మీద, ఒళ్లో పిల్లలతో, కొంగుల్లో పల్లీలతో, ఊళ్లోని ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటిలాగే కూర్చున్నారు. ఇటు నుంచి చూస్తే తెల్లటి పంచె తప్ప ఏమీ కనపడదు. అతనికి ఇన్ని నెలలుగా కనపడలేదు.

“చూడు గాలయ్యా, మంది,” అన్నాడు మెల్లగా.

గాలయ్య ఒక క్షణం తడబడి తేరుకున్నాడు. “ఆడోళ్లు లెక్కల రారు సారూ. మంది అంటే ముంగట కూసున్నోళ్లు. ఎనుక కూసోని ఉల్టా బొమ్మ సూసేది గూడ సూసుడేనా?”

“ఓహో,” అంది యాదవ్వ, నడుం మీద చేయి పెట్టి. “కలుపు దీసేటప్పుడు లెక్కల వస్తం. ఓటేసేటప్పుడు లెక్కల వస్తం. సినిమా సూస్తే రామా?”

“నీతోని నాకు లొల్లి వద్దు యాదవ్వా. ముంగటికి వచ్చి కూసోండ్రి మరి. ఊరోళ్లు ఏమనుకుంటరో ఆళ్ల ముంగట కాళ్లు సాపుకోని కూసోండ్రి. అప్పుడు లెక్కవెడ్తా.”

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు. గాలయ్య తెలిసే అన్నాడు. లేవరని.

దేవేందర్ ప్రొజెక్టర్ వైపు చూశాడు. తర్వాత తెర వైపు. ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషికి ఇంత తేలికైన సంగతి తట్టడానికి ఇంతసేపు పట్టిందేమిటా అనిపించింది.

“వాళ్లెందుకు లేవాలి?” అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినపడింది. “తెరకు ముందు ఏదో, వెనుక ఏదో చెప్పేది మనుషులు కాదు గాలయ్యా. మిషిన్ ఎటుంటే అది ముందు. యాదవ్వా, ఆ స్టూలు పట్టు.”

“యాడికి సారూ?”

“అటుపక్కకు.”

యాదవ్వకు అర్థం కావడానికి రెప్పపాటు పట్టింది. తర్వాత చప్పట్లు కొట్టింది. “లేవకుండ్రే, ఎవరూ లేవకుండ్రి! ఊకె నడుమ సందియ్యుండ్రి. ముంగటి జాగ మన తానికే వస్తాంది!”

ప్రొజెక్టర్‌ను చంటిపిల్లలా ఎత్తుకుని దేవేందర్ తెర కింద నుంచి అటు దూరాడు. అతని తల పంచెకు తగిలి వెదురు ఊగింది. యాదవ్వ స్టూలు తెచ్చింది. సిద్దమ్మ అనే ముసలామె వైరును పాము తోకలా పట్టుకుని వెంట వచ్చింది. వైరు మెట్ల దాకా సాగి అక్కడ బిగుసుకుంది. చాలు, అంతే కావాలి.

“ఇది అన్యాలం సారూ!” అవతలి నుంచి గాలయ్య అరిచాడు. “వాకిలికి తాళమేస్తా!”

“ఎయ్యి,” ఆడవాళ్ల మధ్య నుంచి ఒక గొంతు వచ్చింది. “మేం లోపట్నే ఉంటం గద. కూర ఉట్టి మీద ఉన్నది. పోయి ఏస్కోని తిను.”

అది గాలయ్య భార్య లక్ష్మమ్మ.

రీలు మళ్లీ కదిలింది. నది వచ్చింది. పడవవాడు తేలాడు. వాకిలంతా ఊపిరి వదిలింది. వాడు పడవను పట్టుకుని, గట్టుకు లాగి, తెడ్డు అందుకున్నాడు.

“అగో,” అంది సిద్దమ్మ. “ఈడు మనోడు గాదే!”

“ఎట్ల గాదు? మూతి గదే గద.”

“మనోడు ఎడమచెయ్యోడు. ఈడు కుడిచెయ్యోడు. సారూ, మనిషిని మార్చినవా?”

దేవేందర్‌కు నవ్వు వచ్చింది. “మార్చలేదు అవ్వా. ఇన్నాళ్లు మీకు అటు నుంచి తిరగబడి కనపడ్డది.”

“అంటే?” యాదవ్వ వెనక్కి తిరిగింది. “సినిమా దేశంల అందరు ఎడమచేత్తోని తినరా? మేము ఆళ్ల రివాజే గంత అనుకుంటిమి. పంతులమ్మను గూడ అడిగినం ఓపారి. ‘ఈళ్లేంది, అందరూ ఎడమచేత్తోని తింటున్నరు’ అని.”

“ఏమంది?”

“‘తిననియ్యుండ్రి, గది గూడ చెయ్యే గదా’ అన్నది. అని ఒక్కతే నవ్వుకున్నది.”

దేవేందర్ చేయి ప్రొజెక్టర్ మీదే ఆగిపోయింది. పద్మలతది ఎడమచేయి వాటం. చిన్నప్పుడు ఆ చేతి మీద బెత్తం దెబ్బలు తింది. బడిలో బోర్డు మీద కుడిచేత్తోనే రాసేది. పెళ్లిళ్లలో వడ్డించడానికి పిలిస్తే తలనొప్పి అనేది. ఇంట్లో, అతనొక్కడే ఉన్నప్పుడు, అన్నం కలపడానికి ముందు ఎడమచేయి కదిలేది, మళ్లీ ఆగేది. నెలకోసారి ఈ బస్తాల మీద కూర్చుని, ఎవరి తిట్లూ లేకుండా ఎడమచేత్తో తినే మనుషులతో నిండిన లోకాన్ని చూసేదన్నమాట. ‘నాకు ఇక్కడే బాగుంది.’

దీపం పక్కన నిలబడితే కళ్లలో నీళ్లు ఎవరికీ కనపడవు. దానికి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

“సారూ,” సిద్దమ్మ గొణిగింది, “మాకు మా ఎడమచెయ్యోడే మంచిగుండె.”

“వచ్చే నెల మళ్ల అటు పెడతా అవ్వా. ఒక నెల అటు, ఒక నెల ఇటు.”

“అట్లయితే సరే.”

అప్పుడే తెర అవతలి నుంచి ఒక మగ గొంతు, కాస్త మొహమాటంగా, వినపడింది. “వీడేంది, ఎడమచేత్తోని తెడ్డేస్తుండు?”

గాలయ్య పోలేదు. కూర తినడానికీ పోలేదు, కొడుకు డెక్కు దగ్గరికీ పోలేదు. బాలనర్సయ్య పక్కన కూర్చుని ఉన్నాడు.

“మాకాడ కుడిచెయ్యోడే,” లక్ష్మమ్మ ఇటు నుంచి అరిచింది. “ఎనుక కూసున్నోళ్లకు గంతే అవుపడ్తది!”

వాకిలంతా నవ్వింది. ఆ నవ్వుకు రోడ్డవతలి ఈలలు కూడా ఒకసారి ఆగాయి. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు ఏమిటా అని ఇటు వచ్చి, తెరకు ఏ పక్క కూర్చోవాలో తెలియక నిలబడిపోయారు.

పడవవాడు చివరికి ముసలమ్మనే ముందు దాటించాడు. పల్లకీ గట్టునే ఉండిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలను భుజాన వేసుకుని, బస్తాలు దులిపి, పడవవాడి గురించి కొట్లాడుకుంటూ ఇళ్లకు పోయారు. వాడికి కూలి ఎవరిస్తారని యాదవ్వ, ముసలమ్మ గంపలో ఏముందని సిద్దమ్మ.

దేవేందర్ తెర మడిచాడు. ప్రొజెక్టర్ ఎత్తుకుని గోదాం పక్కనున్న చిన్న గది ముందు నిలబడ్డాడు. ఇంటికి తీసుకుపోవాలో, లోపల పెట్టాలో గాలయ్యే చెప్పాలి.

గాలయ్య మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు.

“గా పల్లకిలున్నోడు,” అన్నాడు, “గట్టుమీదనే ఉన్నడా ఇంకా?”

“ఉన్నట్టే.”

“ఊఁ. ఉండనియ్యి.”

గది తెరిచి పక్కకు జరిగాడు. దేవేందర్ ప్రొజెక్టర్‌ను ఎప్పుడూ ఉండే మూలలో పెట్టి, దాని మీద పంచెల తెర కప్పి బయటికి వచ్చాడు. ఆ తలుపు కిర్రుమంటుందని ఊరందరికీ తెలుసు. గాలయ్య దాన్ని రెండు చేతులతో కొద్దిగా పైకెత్తి, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.