పార్కులో ఈశాన్యపు మూల

తొంభై నాలుగులో, శ్రావణం వెళ్ళిన కొత్తలో, ఒక శనివారం ఉదయం కర్రోడు మా పడుగు మీద పడ్డాడు. కర్రోడంటే మా వీధి చివరింటి రేణుకమ్మ కుక్క. నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. తడి ఆరని నూలు మీద నాలుగు కాళ్ళూ వేసి, చిక్కుకొని, గింజుకొని పారిపోయేసరికి ఎన్ని పోగులు తెగాయో చూసుకునే ధైర్యం కూడా లేకపోయింది.

గద్వాలలో మాది మగ్గాల వీధి. నూలు పడుగుకు, అంటే నేతలో నిలువు పోగులకు, గంజి పట్టించాలంటే ఇంట్లో చోటు చాలదు. తెల్లవారుతూనే వీధి పొడవునా పడుగు పరిచి, రెండు కొసలూ గుంజలకు బిగించి, గంజి పూసి కుంచెలతో దువ్వుతాం. ఎండ ముదిరేలోగా ఆ పని ముగియాలి. అంతవరకూ మా వీధిలోకి సైకిలైనా రాదు. కుక్కలకు ఆ కట్టుబాటు తెలియదు.

వీధి పెద్ద వెంకటన్న వచ్చి తెగిన పడుగు చూశాడు.

"మొన్న నాది, అటెన్క లలితమ్మోళ్లది, ఇయ్యాల నీది. ఇంగ ఊకుంటే గాదు భీమన్నా. కుక్కల బండి కోసం మున్సిపాలిటీకి దరఖాస్తు రాయి. నీ రాత మంచిగుంటది."

నేను ఏడో తరగతి దాకా చదివాను. కోపంలో చేయి కూడా చురుగ్గా నడిచింది. మా వీధి కుక్కలన్నింటినీ పట్టుకుపొమ్మని రాశాను. అందరూ సంతకాలు చేశారు. రేణుకమ్మను ఎవరూ అడగలేదు. వచ్చే శుక్రవారం బండి వస్తుందని సాయంత్రానికి కబురు వచ్చింది. ఆ బండి ఎక్కిన కుక్క తిరిగి ఇల్లు చేరడం మేమెవరమూ చూడలేదు.

మరునాడు రేణుకమ్మ మాకు నూలు చుట్టిన కండెలు తెచ్చిచ్చి, గడప దగ్గరే నిలబడింది.

"అన్నా, వాన్ని కట్టేసిన. తాడు కొరుకుతుండు. మెడ పుండయ్యింది. బువ్వ ముడతలేడు."

"నీ కుక్కనే గద నా పడుగు తెంపింది" అన్నాను.

"తెంపిండు. నేను కాదంటలేను. ఆ పోగులన్ని నేనే అతికిస్త. గని బండ్ల ఎక్కియ్యకుండ్రి. మా ఆయన పోయిన కాన్నుంచి ఇంట్ల ఇంకో మనిషి లెక్క వాడే ఉన్నడు."

"మనిషి లెక్క ఉంటే మగ్గం మీద కూసోవెట్టు. మాకు జర సాయమన్న అయితది" అంది నా భార్య సుగుణమ్మ.

రేణుకమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె వెళ్ళాక సుగుణమ్మ నాతో, "కుక్కలన్ని అని ఎందుకు రాసినవయ్యా?" అని మాత్రం అడిగింది.

సోమవారం పొద్దున దీపం పెట్టి కురుమూర్తి స్వామికి మొక్కుతుంటే వీధి చివరి నుంచి కర్రోడి ఏడుపు వినబడింది. స్వామీ, నేను రాసింది న్యాయమేనా అని అడిగాను. ఆయన ఎప్పటిలాగే ఏమీ చెప్పలేదు. నేనూ ఎప్పటిలాగే లేచి పనికి పోయాను.

ఆ రోజు లలితమ్మ వాళ్ళ పడుగు. వీధిలో ఎవరి పడుగైనా అందరం కలిసి దువ్వుతాం. గంజి పూయడం అయ్యాక మిగిలింది పోసే పని నాది. మా నాయన కాలం నుంచి మా ఇంట్లో గంజిని మోరీలో పారబోయం. అందులో మెతుకులుంటాయి. అన్నాన్ని మురికిలో కలపకూడదని తూర్పు గుంజ పక్కనున్న రాతి తొట్టిలో పోస్తాం. ఏ ప్రాణి తాగినా మంచిదే, ఆ పుణ్యం మనకూ కొంత దక్కుతుందని నా నమ్మకం.

గిన్నె తొట్టికి తగిలి చప్పుడైందో లేదో, పడమటి కొస నుంచి రెండు వీధికుక్కలు పరుగున వచ్చాయి. తిన్నగా పడుగు కిందికి దూరాయి. లలితమ్మ కట్టె తీసుకొని అదిలించింది కాబట్టి నూలు తెగలేదు.

నేను గిన్నె పట్టుకొని అలాగే నిలబడ్డాను. శనివారం మా పడుగు ఆరకముందే ఈ తొట్టిలో గంజి పోసింది నేనే. అంతకుముందు వెంకటన్న పడుగు రోజు పోసిందీ నేనే. పిలిచేది నేను, బండి ఎక్కేది కర్రోడు.

ఆ మాట వెంకటన్నతో చెప్పడానికి మధ్యాహ్నం దాకా ధైర్యం కూడగట్టుకున్నాను. ఆయన మగ్గం ఆపి విన్నాడు.

"అయితే మోరీల పొయ్యి. పీడ పోతది."

"అన్నం మోరీల ఎట్ల పోస్తమన్నా? పోయకున్న కుక్కలు తిరుగుడు ఆగదు. కట్టేస్తే గిట్ల ఏడుస్తయి. పడుగు పరిచిన జరసేపు అవి ఇడిచినట్టు తిరగనీకె ఒక జాగ ఉంటే సాలు. మన ఎన్క పార్కు కడుతుండ్రు గద."

వెంకటన్న నన్ను ఎగాదిగా చూశాడు. "పార్కా? కుక్కలకా? మనకే ఇంక బెంచి ఎయ్యలే."

అయినా మంగళవారం నాతో వచ్చాడు. మా వీధి వెనుక బంజరులో మున్సిపాలిటీ ఓవర్సీయరు బుచ్చయ్య సారు సున్నంతో గీతలు గీయిస్తున్నాడు. వనపర్తి నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మా మాట విని ముందు నవ్వాడు.

"పిల్లలకు ఊయల, పెద్దలకు బెంచీలు, ఆడోళ్లకు నీళ్ల నల్లా. ఈ కాయితంల కుక్కలను యాడ రాయాలె నేను? పైనోళ్లు చూస్తే నాకు పిచ్చి లేసిందంటరు."

"గా మూల బండలే ఉన్నయి సార్, చెట్టు గూడ లేవదు. చుట్టు కంప మేమే కొడతం. శుభ్రం మేమే చేసుకుంటం" అన్నాను.

నేను చూపించిన వైపు చూసి వెంకటన్న నా మోచేయి పట్టుకున్నాడు. "అది ఈశాన్యం రా. దేవుని మూల. అండ్ల కుక్కలా?"

ఆ మాట నాకూ తగిలింది. కొత్తిల్లు కట్టినా ఈశాన్యంలో చెప్పులు కూడా విడవని వంశం మాది. "భైరవస్వామి ముందటి కుక్కను మనం అదిలిస్తమా అన్నా? దేవుని దగ్గర ఉన్నది దేవుని మూలల ఉంటే తప్పయితదా? నాకు తెల్వదు, అడుగుతున్న" అన్నాను.

వెంకటన్న నా మోచేయి వదిలాడు. బుచ్చయ్య సారు ప్లాను కాగితం మడిచి, "ఈ కాయితంల దేవుడుండడు, ఉత్తరం దిక్కు బాణం ఒక్కటే ఉంటది. మీరు రాసియ్యుండ్రి. బండిని ఇంకో శుక్రవారం దాక ఆపిస్త. గీ లోపల ఒక్క పడుగు తెగినా నన్ను మల్ల అడగొద్దు" అన్నాడు.

ఆ రాత్రి మళ్ళీ దరఖాస్తు రాశాను. గంజి సంగతి, నా పొరపాటు, దాచకుండా రాశాను. ఈసారి రేణుకమ్మ దగ్గర మొదటి వేలిముద్ర తీసుకున్నాను. బుధ, గురువారాల్లో తుమ్మకంప నరికి తెచ్చి మూల చుట్టూ కొట్టాం. విరిగిన మగ్గం కర్రలతో వెంకటన్నే తలుపు చేశాడు. నేను తూర్పు గుంజ పక్కనున్న తొట్టిని పెకలించి అక్కడికి మోయించాను.

శుక్రవారం పొద్దున వెంకటన్న పడుగు. మొదట ఆ మూల తొట్టిలో గంజి పోసి, వీధికుక్కలు లోపలికి పోయాక తలుపు వేశాం. రేణుకమ్మ కర్రోణ్ణి తెచ్చి మెడతాడు విప్పింది. ఆరు రోజుల తర్వాత వదిలిన కుక్క కదా, బండల మీదుగా రెండు చుట్లు తిరిగి, కంప కింద సందు దొరికితే బయటికి దూరింది. మేం చూస్తుండగానే వీధిలోకి వచ్చి, పాత తొట్టి ఉన్న చోట నేల వాసన చూసింది. పడుగుకు రెండు అడుగుల దూరం. కుంచెలన్నీ ఆగిపోయాయి. ఎవరూ అదిలించలేదు. అదిలిస్తే ఎటు దూకుతుందో.

నా చేతిలో ఇంకా గంజి గిన్నె ఉంది. దాన్ని గరిటెతో నెమ్మదిగా తట్టుకుంటూ పార్కు వైపు వెనక్కు నడిచాను. కర్రోడు చెవులు నిక్కించాడు. పడుగును చూశాడు, గిన్నెను చూశాడు. పక్కగోడ వెంట నా వెనకే వచ్చాడు. లోపలికి వచ్చాక రేణుకమ్మ ఆ సందుకు అడ్డంగా కూర్చుంది. కండెలు చుట్టే రాట్నం కూడా అక్కడికే తెప్పించుకుంది.

వారం గడిచింది. రోజుకు ఒక ఇంటివాళ్ళు మూల ఊడ్చారు. ఒక్క పడుగు తెగలేదు. శుక్రవారం తెల్లవారుతూనే బుచ్చయ్య సారు వచ్చాడు. వెంట బండి లేదు. కంప పక్కన నిలబడి చాలాసేపు చూశాడు. లోపల ఏడెనిమిది కుక్కలు బండల మీద ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. కర్రోడి మెడ మీద పుండు ఎండింది.

"కంప వద్దు, గోడ ఏపిస్త" అన్నాడు సారు, ప్లాను విప్పి.

వెంకటన్న దగ్గరికి వెళ్ళి కాగితంలోకి తొంగి చూశాడు. "సార్, గీత జర బయటికి జరపరాదు? పక్క వీధోళ్లు గూడ అడుగుతుండ్రు. వాళ్లకు నాలుగు కుక్కలున్నయి."

"ఇంగ గద్వాల కుక్కలన్నిటికి పట్టా చేసియ్యమంటవా నన్ను?" అన్నాడు సారు. అంటూనే జేబులోంచి పెన్సిలు తీసి, "యాడికి జరపాలె, చూపియ్యి" అని నన్ను పిలిచాడు.