అరగని పళ్లు

దుప్పట్ల మూటను క్యారియరు మీద నిలబెట్టి, పాత ట్యూబు ముక్కతో రెండు చుట్లు బిగించాడు. మూడో చుట్టుకు చేతులు లేవలేదు. మూట మీద గడ్డం ఆనించి, ముడి సరిచూస్తున్నట్టు అలాగే నిలబడ్డాడు. ఎడమ పక్క లోపల ఏదో బిగుసుకుని, మెల్లగా వదిలింది. వదిలాక ముడి వేశాడు.

అందరూ అతన్ని మూటలాయన అనేవారు. లాండ్రీలో ఉతికిన దుప్పట్లు గుట్ట మీది ఆసుపత్రికి చేర్చడం, మాసినవి కిందికి తేవడం అతని పని. పెళ్లికి ముందు నుంచీ అదే పని, అదే సైకిలు. బక్కపలచని మనిషి. పిక్కలు మాత్రం ముడులు వేసిన తాళ్లలా ఉండేవి. పాంటు చైనులో పడకుండా కుడి కాలికి ఎప్పుడూ బట్టలారేసే క్లిప్పు.

అతని భార్య కూడా అక్కడే ఇస్త్రీ చేస్తుంది. పెట్టె ఎత్తి పట్టుకుని కిటికీలోంచి పిలిచింది.

“ఏంటండీ, ఈ మధ్య అంత గబగబా తొక్కుతున్నారు? వెనకాల ఎవరైనా తరుముతున్నారా?”

“నూనె వేయించాలే,” అన్నాడు.

“మీకా, సైకిలుకా?”

ఆమె నవ్వింది. అతను తల తిప్పకుండా వెళ్లిపోయాడు.

చదును రోడ్డు మీద కాళ్లు పరుగెత్తుతున్నాయి, సైకిలు నడుస్తోంది. అది బామ్మర్ది చేతి చలవ. భార్య తమ్ముడిది సందు మొదట్లో సైకిళ్లు బాగుచేసే కొట్టు. వానల్లో ఒకరోజు గుట్ట సగంలో ఊపిరాడక దిగిపోయాడు. తనను డాక్టరుకు చూపించుకోవాల్సిన మనిషి, సైకిలును తీసుకెళ్లి బామ్మర్దికి చూపించాడు.

“బరువుగా తిరుగుతోందిరా.”

బామ్మర్ది పాత సామాన్ల డబ్బా బోర్లించి వెతికి, వేగం తగ్గినా తొక్కడం తేలికయ్యేలా వెనక చక్రానికి ఎక్కువ పళ్ల ఫ్రీవీలు వేశాడు. కొన్నాళ్లు హాయిగా ఉంది. మళ్లీ బరువెక్కింది. ఈసారి పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రం ఊడదీసి, పిల్లల సైకిలుది చిన్నది తెచ్చి, రంధ్రాలు కలవకపోతే కొత్తవి వేసి బోల్టులతో బిగించాడు. మళ్లీ కొన్నాళ్లు. నిన్న సాయంత్రం వెనక ఫ్రీవీలు ఇంకా పెద్దది వేసి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“ఇదే ఆఖరు బావా. వెనక ఇంతకన్నా పెద్దది లేదు. ముందర ఇంతకన్నా చిన్నది రాదు. ఇంకా బరువుందంటే అది సైకిల్లో లేదు.”

అతను పెడలును చేత్తో తిప్పి చూశాడు.

“అక్కకి తెలుసా?”

“సైకిలు సంగతి దానికెందుకు?”

“నేను సైకిలు సంగతి అడగట్లేదు.”

వాడు చైనును వేలితో ఎత్తి చూపించాడు. “చైను పాతది, ఈ కొత్త పళ్ల మీద జారుతుంది. రేపు సాయంత్రం రా, మారుస్తా. అందాకా గుట్ట ఎక్కకు.”

ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదని లాండ్రీలో అడుగుతారు. భార్య వింటుంది. విన్నదంటే చెయ్యి పట్టుకుని ఆ ఆసుపత్రికే లాక్కెళుతుంది. అతని అన్న తన కాళ్ల మీద తానే నడిచి అందులోకి వెళ్లాడు. బయటికి తెచ్చినప్పుడు మీద కప్పి ఉన్న దుప్పటి మూలన లాండ్రీ గుర్తుగా వేసే నల్లదారం కుట్టు కనిపించింది. ఆ దుప్పటి ఆ వారం మోసుకొచ్చింది తనే.

గుట్ట మొదలైంది. పెడలు తేలిగ్గా దిగింది. రెండోదీ దిగింది. గోడ వారన సైకిలు నడిపించుకుంటూ ఎక్కుతున్న వాళ్లను దాటాడు. భయం కాస్త వెనకబడింది.

మలుపులో టక్ మంది.

కాలు గాల్లోకి జారింది. ఒళ్లంతా చెమట పట్టింది. చైనా? లోపలా? బ్రేకు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చైనే కావాలి, చైనే కావాలి అనుకుంటూ మళ్లీ పెడలు మీద కాలు వేసి నొక్కాడు. మళ్లీ టక్ మంది. కిందికి వంగి చూస్తూ నొక్కాడు. చైను పన్నెక్కి జారడం కళ్లారా చూశాడు. నవ్వొచ్చింది. అంతకుముందు ఎప్పుడూ సైకిలు చెడినందుకు నవ్వలేదు. చైను జారనంత మెల్లగా నొక్కుతూ మిగతా గుట్ట ఎక్కాడు.

ఆసుపత్రిలో దుప్పట్లు లెక్క చూసుకునే ఆవిడ మూట అందుకుంటూ అతని మొహంలోకి చూసింది.

“ఏంటన్నా, దుప్పట్లతో పాటు నిన్నూ ఉతికి పిండినట్టున్నారు?”

“ఎండ.”

“ఎండెక్కడుంది? మబ్బేసుంటే! డాక్టరుగారు ఖాళీగానే ఉన్నారు. ఆ బల్ల మీద కూర్చో, నేను చెప్తా.”

బల్ల నడవా చివర ఉంది. దాని పక్కన తెల్ల దుప్పటి పరిచిన మంచం. అది ఏ మూటలో వచ్చిందో కూడా అతనికి తెలుసు. ఒక అడుగు వేశాడు. గుట్ట తొక్కుకుంటూనే ఎక్కానుగా, జబ్బున్నవాడు ఎక్కగలడా, అనుకున్నాడు. మాసిన మూట ఎత్తుకున్నాడు.

“రేపు చూపించుకుంటా చెల్లీ.”

“రేపు నేనే పట్టుకెళ్తా చూడు!” అని ఆవిడ వెనకనుంచి అరిచింది.

సాయంత్రం బామ్మర్ది కొట్టులో బోర్లించిన డబ్బా మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. గుట్ట ఎక్కావా అని వాడు అడగలేదు. జారిన చైను వాడికి చెప్పేసింది.

“రేపు నువ్వూ నేనూ పైకి వెళ్తున్నాం. మూట లేకుండా. కాదంటే అక్కకి చెప్పేస్తా.”

“సరేరా.”

అంత తొందరగా ఒప్పుకుంటాడని వాడు అనుకోలేదు. ఉత్సాహంగా కొత్త చైను తీసి, పొడవు కొలిచి, మిగిలింది తెంపి, వంగి కీలు కలిపాడు. పెడలు తిప్పి చూశాడు. చప్పుడే లేదు.

“వెన్నలా ఉంది బావా! ఇక నువ్వేంటి, నా పెళ్లాం కూడా కాఫీ తాగుతూ గుట్టెక్కేస్తుంది. ఏదీ, ఒకసారి తొక్కు.”

జవాబు రాలేదు. నవ్వుతూ వెనక్కి తిరిగాడు. కాలికున్న క్లిప్పు తీసి అరచేతిలో పెట్టుకుని, మూటలాయన గోడకు తల ఆనించి ఉన్నాడు. ఇద్దరి మధ్యా వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. వాడు ముందు దాన్ని చేత్తో ఆపాడు. తర్వాతే పిలిచాడు.

దినాలైపోయిన కొన్ని వారాలకు అక్క సైకిలు కోసం కొట్టుకు వచ్చింది. గోడ మేకుకు వేలాడుతున్న పెద్ద పళ్లచక్రం చూసింది.

“ఇది ఆయనదే కదరా? పోయినేడు కొత్తది వేయించారు. ఎందుకు తీశావు?”

వాడు వంగి, బిగుసుకునే ఉన్న బోల్టును మళ్లీ బిగిస్తున్నాడు.

ఆమె వేలితో పళ్లన్నీ ఒకటొకటే తడిమింది. సైకిలును కదిలించి చూసింది. చిన్న చక్రాన్నీ, వెనక పెద్దదాన్నీ చూసింది. చేత్తో పెడలు ఒక చుట్టు తిప్పితే చక్రం కొంచెమే తిరిగింది.

“ఎవరైనా తరుముతున్నారా అని అడిగి నవ్వాన్రా,” అంది.

ఆమె సైకిలు నడిపించుకుంటూ వెళ్లాక కూడా వాడు మేకు వైపు చూడలేదు. ఆ పళ్లచక్రం సందుల్లో దుమ్ము పేరుకుంది. పళ్లు మాత్రం వేసిన రోజు పదునుతోనే ఉన్నాయి.